ఇక జవాబు రాయను

నర్సింగ్ హాస్టల్, పన్నెండో గది
జులై 9

స్టీరింగత్తా,

ఉత్తరం చూసి కంగారుపడకు. నాకు జ్వరం లేదు, పరీక్ష పోలేదు, ఎవరినీ ప్రేమించలేదు. మన ఇంట్లో ఫోన్ అంటే స్పీకరే కదా. నేను హలో అంటే నాన్న, అమ్మ, తమ్ముడు, ఒక్కోసారి పక్కింటావిడ కూడా బాగున్నావా అంటారు. ఇది అందరూ వినే సంగతి కాదు. అందుకే ఇంటికి కాకుండా నీ డిపోకి రాస్తున్నాను.

రెండో సంవత్సరంలో నాకు పసిపిల్లల వార్డు వేశారు. పొడవాటి గది, గోడవెంట వరసగా తొట్లు, చివర స్టీలు బల్ల మీద తెల్లటి టబ్బు. రోజూ పొద్దున పిల్లలకు నీళ్లు పోయాలి. వేడి మోచేత్తో చూడాలి. బిడ్డ మెడ మన ఎడమ ముంజేతి మీద ఆనాలి, ఆ చేతి వేళ్లే బిడ్డ జబ్బని చుట్టి పట్టుకోవాలి. మొదటివారం రెండు స్నానాలు చేయించాను. నాకీ పని నచ్చిందత్తా. తువ్వాల్లో చుట్టగానే పిల్లలు ఒక చిన్న నిట్టూర్పు విడుస్తారు. దానికి ప్రత్యేకంగా ఒక పేరుందేమోనని నిఘంటువంతా వెతికాను. లేదు.

మూడోసారి, బిడ్డ నీళ్లలో ఉండగా నా తలలోకి ఒక మాట వచ్చింది. 'వదిలెయ్. మునిగిపోనీ.' ఎవరో అన్నట్టు కాదు. నా ఆలోచనే, నా మాటల్లోనే. నేను వదల్లేదు. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే వార్డు ఇన్‌చార్జి మేడం వచ్చి, "ఏమ్మా, అది బిడ్డా, బస్సులో కడ్డీయా? కాస్త వదులుగా పట్టుకో" అంది. ఆ 'వదులు' అన్న మాటకి ఇంకా బిగించాను.

ఆ రోజు నుంచీ అది నన్ను వదలడం లేదు. స్నానాల డ్యూటీ రూమ్మేటుకి ఇచ్చేసి, నేను బట్టలు మడతపెడుతున్నాను. అత్తా, నేను పుట్టిన దగ్గర్నుంచీ నన్ను చూశావు. నేను అలాంటి పని చేస్తానా? ఒక్క మాట రాయి చాలు.

నీ కోడలుపిల్ల


డిపో, టైమ్‌కీపర్ గది
జులై 15

ప్రశ్నలపుట్టా,

చేయవు. ఇదిగో రాశాను. ఇంకా కావాలంటే ఇంకోసారి, చేయవు.

చిన్నప్పుడు బొద్దింకని కాగితం మీద ఎక్కించుకుని పెరట్లో దింపి, "ఇంటికి పో" అని సాగనంపినదానివి నువ్వు. నువ్వా బిడ్డని ముంచేది? ముందు నీకు నిద్ర చాలడం లేదు. హాస్టల్లో తిండి సరిగా లేదేమో కనుక్కో.

కాగితానికి ఏమీ అనుకోకు, ట్రిప్ షీట్ వెనక రాస్తున్నాను. ఇక్కడ కిటికీకి గుండ్రటి కన్నం ఉంది. డ్రైవర్లు అందులోంచి షీట్లు తోస్తారు, నేను టైము వేసి ముద్ర కొట్టి తోస్తాను. రోజంతా ఇదే ఆట. నిన్న ఒకడు షీటు బదులు వాళ్లావిడ సరుకుల చీటీ తోశాడు. దానికీ ముద్ర కొట్టిచ్చాను.

నన్ను బస్సు దింపి ఈ గదిలో కూర్చోబెట్టిన నడుముకి మీ నాన్న ఇంకో నూనె సీసా తెచ్చాడు. నడుము సంగతి నాకు వదిలెయ్యి అన్నయ్యా అంటే వినడు.

అత్త


హాస్టల్
ఆగస్టు 2

అత్తా,

నీ ఉత్తరం వచ్చాక తొమ్మిది గంటలు హాయిగా ఉన్నాను. 'చేయవు' అన్న ముక్క కత్తిరించి యాప్రాన్ జేబులో పెట్టుకున్నాను. వార్డులోకి వెళ్లేముందు ఒకసారి తడుముకుంటాను.

పదో గంటకి ఒక అనుమానం వచ్చింది. అత్తకి తెలిసింది బొద్దింకని కాపాడిన పిల్ల. నా తలలో ఉన్నదంతా అత్తకి తెలియదు కదా. తెలియకుండా ఇచ్చిన మాట ఎలా చెల్లుతుంది? అందుకని మిగతాది కూడా చెప్తున్నాను. మెట్లు దిగేటప్పుడు బిడ్డ చేతిలో ఉంటే జారవిడుస్తానేమో అనిపిస్తుంది. మెత్తటి దిండు కనబడితే చాలు, మొహం తిప్పుకుంటున్నాను. ఇవి వచ్చినప్పుడు చేతిలో బిడ్డ ఉంటే ఎవరికైనా ఇచ్చేసి దూరంగా వెళ్లిపోతాను. కానీ ఎందుకొస్తున్నాయి? నాకు లోపల ఇష్టం లేకపోతే ఎందుకొస్తాయి?

ఇప్పుడు అంతా తెలిసింది కాబట్టి మళ్లీ రాయి. ఈసారి 'నూటికి నూరుపాళ్లు' అని రాయి.


డిపో
ఆగస్టు 8

నూటికి నూరుపాళ్లు చేయవు.

చాలా? అత్త.


హాస్టల్
సెప్టెంబర్ 11

అత్తా,

నవ్వకు. నీ కాగితం మీద తేదీ ఆగస్టు 8. మూడో అంతస్తు కిటికీ ఆలోచన ఆగస్టు 20న వచ్చింది. అంటే కిటికీకి ఆ కాగితం వర్తించదు కదా? ఇది పిచ్చివాదన అని నాకు తెలుసు. తెలిసినా తప్పించుకోలేకపోతున్నాను. తెలివి ఒక గదిలో, భయం ఇంకో గదిలో కాపురం పెట్టాయి. మధ్యలో తలుపు లేదు.

ఇంకో సంగతి. ఇన్‌చార్జి మేడం నా లాగ్‌బుక్ తీసి చూసింది. "ఇదేంటి? బట్టలు మడతపెట్టడంలో డిగ్రీ తీసుకుంటావా?" అంది. ఫిబ్రవరి నెలాఖరులోగా పది స్నానాలు ఒంటరిగా చేయించి సంతకాలు పెట్టించుకోకపోతే నన్ను పరీక్షకి కూర్చోనివ్వరు. జులైలో చేసిన మూడూ మేడం దగ్గరుండగా చేసినవి, అవి లెక్కలోకి రావు. నా పేరు పక్కన సున్నా.

కోర్సు మానేస్తున్నట్టు దరఖాస్తు రాశాను. కారణం అన్న చోట 'వ్యక్తిగతం' అని పెట్టాను. ఆ మాట ఎంత పెద్ద దుప్పటో ఇప్పుడే తెలిసింది. నాకు నర్సు పని తప్ప ఇంకోటి వద్దత్తా. కానీ నావల్ల ఒక బిడ్డకి ఏదైనా అయితే? కిటికీకి కూడా కలిపి ఒక్క ముక్క రాస్తావా?


డిపో
సెప్టెంబర్ 17

కోడలుపిల్లా,

ఆ దరఖాస్తు ఇచ్చావంటే నేనొచ్చి నీ హాస్టల్ ముందు కూర్చుంటాను. నా గొంతు నీకు తెలుసు, నాలుగు ప్లాట్‌ఫారాలు వింటాయి.

నెలనెలా నువ్వు అడగడం, నేను రాయడం, మధ్యలో పోస్టు ఆలస్యం, ఇదంతా ఎందుకు? నేను ఉపాయం కనిపెట్టాను. దీంతోపాటు పది చీటీలు పంపుతున్నాను, చూడు. ఒక్కోదాని మీద ఒక్కో వారం తేదీ వేశాను. 'టబ్బు, దిండు, మెట్లు, కిటికీ, ఇకముందు వచ్చేవి అన్నిటికీ కలిపి: చేయవు.' కింద నా సంతకం, డిపో ముద్ర. పాస్ ఇచ్చేశానన్నమాట. వారానికొకటి తీసుకుని దర్జాగా వార్డులోకి వెళ్లు. ఎవడాపుతాడో చూస్తాను.

అయిపోతే చెప్పు, ఇంకో కట్ట కొట్టిస్తా.

అత్త


హాస్టల్
అక్టోబర్ 14

అత్తా,

నీ పది పాసులూ నాలుగు రోజుల్లో అయిపోయాయి. తిట్టకు, పూర్తిగా చదువు.

మానసిక వైద్యం పాఠంలో లెక్చరర్ ఒక జబ్బు గురించి చెప్పింది. వద్దనుకున్న ఆలోచన పదేపదే చొరబడటం, మనిషి దాన్ని చూసి బెదిరిపోయి చేతులు కడగడమో, తాళం చూసుకోవడమో, ఎవరినో అడగడమో చేయడం. నా పెన్ను ఆగిపోయింది. ఎవరో నా డైరీ బోర్డు మీద ఎక్కించినట్టుంది. క్లాసు అయ్యాక ఆమె వెనకాలే వెళ్లాను. ఆమె నన్ను మా ఆస్పత్రి మానసిక వైద్యురాలి దగ్గర కూర్చోబెట్టింది.

డాక్టరమ్మ ముప్పావుగంట విన్నది. ఒక్కసారి కూడా కుర్చీ వెనక్కి జరపలేదు. పాడు ఆలోచనలు దాదాపు అందరికీ వస్తాయట. చాలామంది 'ఛీ' అనుకుని దాటిపోతారు. నాలాంటివాళ్లం అక్కడే ఆగి, 'ఇది ఎందుకొచ్చింది, నేనెవరిని' అని విచారణ పెట్టుకుంటాం. నేను బిడ్డల్ని అంతగా పట్టించుకుంటాను కాబట్టే అది బిడ్డల మీదే పట్టు పట్టిందట.

అప్పుడు నీ పాసుల కట్ట తీసి చూపించాను. "ఈ ముద్ర ఎక్కడిది?" అంది. మా అత్తది అన్నాను. ఆవిడ నవ్వు ఆపుకుంది. తర్వాత చెప్పింది వింటే నీకు కోపం వస్తుంది. మందు అనుకుని నేను తింటున్నది ఆ చీటీలే, జబ్బు బలిసిందీ వాటితోనే. ప్రతి చీటీ తర్వాత అనుమానం ఇంకా పెద్ద చీటీ అడుగుతుంది.

"సరే, మీరే చెప్పండి, నేను చేయనుగా?" అన్నాను. "ఆ మాట నేను చెప్పను" అంది. మళ్లీ అడిగాను. "ఎన్నిసార్లు అడిగినా చెప్పను. అది తెలియకుండానే బిడ్డని ఎత్తుకోవడం నేర్పుతాను" అంది. ఇన్‌చార్జి మేడంకి మాత్రం ఒక కవరు పంపింది. అందులో ఏముందో నాకు చూపించలేదు. మర్నాడు మేడం నన్ను వార్డులో ఉండమంది.

రోజూ ఒక మాత్ర ఇచ్చింది, గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందట. వారానికోసారి తన దగ్గరికి రావాలి. ఇకమీదట నేను అడిగినా నువ్వు జవాబు రాయకూడదు. ఇది ఆవిడ మాట, నా మాట కూడా.

తా.క. ఈ ఒక్కసారికి మాత్రం, ఆఖరుసారిగా, నేను చేయనని నీకు నమ్మకమేగా?


డిపో
అక్టోబర్ 22

కోడలుపిల్లా,

మొదట ఒళ్లు మండింది. నా ముద్రకి విలువ లేదా అనుకున్నాను. నీ ఉత్తరం డ్రాయరులో పడేసి తాళం వేశాను. మళ్లీ తీశాను. మూడు రోజులు అదే పని.

ఇప్పుడు నేనొకటి చెప్తాను. నా నడుముకి ఏమీ లేదు. ఎప్పుడూ లేదు.

ఏడేళ్ల కిందట బడి మలుపు దగ్గర గోతిలో పడి బస్సు ఒక్క కుదుపు కుదిపింది. గొయ్యే. నేను చూశాను. డిపోకి వచ్చి దిగాక, గొయ్యేనా అనిపించింది. మనిషి కాదుగదా? నడుచుకుంటూ వెనక్కి వెళ్లి చూశాను. గొయ్యే. మర్నాడు స్పీడ్‌బ్రేకర్ దగ్గర అదే. తర్వాత ప్రతి ట్రిప్పుకీ. మురుగుకాలవలోకి వంగి వంగి చూసేదాన్ని. ఆస్పత్రులకి ఫోన్ చేసి ఎవరినైనా తెచ్చారా అని అడిగేదాన్ని. నా కండక్టర్ పాపం మంచివాడు. "ఎవరికీ తగల్లేదుగా తమ్ముడూ" అంటే "లేదక్కా" అనేవాడు. పది నిమిషాలకి మళ్లీ అడిగేదాన్ని. ఒకరోజు పదిహేడుసార్లు అడిగాను. వాడు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నాకు పాసులు రాసిచ్చినవాడు వాడే.

నడుము నొప్పి అని రాసిచ్చి ఈ గదిలో దూరాను. మీ నాన్న నమ్మాడు, అందరూ నమ్మారు. పదహారేళ్లు బండి నడిపినదాన్ని, కన్నంలోంచి కాగితాలు తోసుకుంటున్నాను. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు అర్థమైంది. అయినా దాచాను. చెప్తే నీకూ నా గతే పడుతుందని భయం.

నీ తా.క. చూశాను. ఇక జవాబు రాయను. కోపం వస్తే రానీ, మాట్లాడటం మానేస్తే మానెయ్యి. రాయను.

అత్త


హాస్టల్
నవంబర్ 19

అత్తా,

నీ ఉత్తరం చదివి మంచం మీద దిండు విసిరికొట్టాను. జవాబు రాయనందుకు వచ్చిన కోపం రెండు రోజుల్లో చల్లారింది, ఇంకో కోపం మిగిలింది. ఏడేళ్లు మా నాన్న నూనె సీసాలు మోశాడు. ఏడేళ్లు నువ్వు మా అందరి ముందూ నడుం పట్టుకుని లేచావు. ఆ నటనకి నీకు బహుమతి ఇవ్వాలి.

నాలుగు స్నానాలు అయ్యాయి. మొదటిదానికి డాక్టరమ్మ బల్ల దగ్గరే నిలబడింది. "ఆలోచన వస్తోంది" అన్నాను. "రానీ. దాన్ని తొయ్యకు, దానితో వాదించకు. సబ్బు ఎక్కడుంది?" అంది. తలలో అది 'ముంచెయ్' అంటూనే ఉంది, నేను చెవుల వెనక తుడుస్తూనే ఉన్నాను. బిడ్డ నా యాప్రాన్ తడిపేసింది. దానికి నా గొడవతో పనేముంది?

రెండోదాని తర్వాత ఓడిపోయాను. బాత్‌రూమ్‌లోకి రూమ్మేటుని లాక్కెళ్లి, "నా మొహం చూసి చెప్పు, నేను ప్రమాదమైనదాన్నా" అన్నాను. దానికి డాక్టరమ్మ సంగతి ముందే చెప్పి ఉంచాను, అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా కూడా ఊపకుండా నిలబడింది. స్నేహితురాలంటే అది. మిగతా రెండు స్నానాలు ఎవరూ పక్కన లేకుండా చేశాను, అడగలేదు. ఒంటరిగా చేసినవి మూడని మేడం రాసుకుంది.

మరి నీ సంగతేంటి? నాకు నీతులు చెప్పి కన్నం వెనక దాక్కుంటావా? మన ఊళ్లో డాక్టర్లు లేరా? నేను టబ్బు దగ్గర నిలబడ్డాను. నువ్వెక్కడ నిలబడతావో చెప్పు.


డిపో, డ్రైవర్ల గది
జనవరి 28

ప్రశ్నలపుట్టా,

పైన రాసిన గది పేరు చూశావా? మళ్లీ చూడు.

నువ్వు రెచ్చగొట్టకపోతే కదిలేదాన్ని కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాను. కుర్రాడు, మీసాలు కూడా సరిగా రాలేదు, కానీ నువ్వు రాసిన మాటలే చెప్పాడు. మాత్ర మొదలుపెట్టి ఎనిమిది వారాలైంది. మీ నాన్నకీ చెప్పాను. "అయితే ఆ నూనె ఏం చేయాలి" అన్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్లి ఏడ్చాడని మీ అమ్మ చెప్పింది.

మేనేజర్ నెల రోజులు ఖాళీ బస్సు మీద తిప్పించి, పరీక్ష పెట్టి, మళ్లీ బండి ఇచ్చాడు. సోమవారం మొదటి ట్రిప్పు. బడి మలుపు దగ్గర గొయ్యి ఇంకా అలాగే ఉంది, ఏడేళ్లలో దాన్ని పూడ్చినవాడు లేడు. బస్సు కుదిపింది. తలలో గంట మోగింది. అద్దంలోకి రెండోసారి చూడాలని మెడ లాగేసింది. చూడలేదు. గేరు మార్చాను.

డిపోలో దిగి గేటు దగ్గర నిలబడ్డాను. కాళ్లు ఆ మలుపుకేసి తిరిగాయి. ఎవడైనా పడి ఉంటే? ఉంటాడేమో. తెలియదు. ఆ 'తెలియదు'ని నోట్లో పెట్టుకుని ఇరవై నిమిషాలు నమిలాను. చొక్కా తడిసిపోయింది. కొత్త కండక్టర్ వచ్చి, "అక్కా, రెండో ట్రిప్పు టైమైంది, బస్సెక్కుతావా, బొమ్మలా నిలబడతావా" అన్నాడు. వాణ్ని ఒక తిట్టు తిట్టి ఎక్కాను.

అంతటితో పోలేదు. నిన్న కూడా వచ్చింది. వస్తే వెనకసీట్లో కూర్చోమన్నాను. స్టీరింగ్ నాది.

అత్త


హాస్టల్
ఫిబ్రవరి 26

అత్తా,

లెక్కకొచ్చే స్నానాలు తొమ్మిది అయ్యాయి. పదోది ఇవాళ అవ్వాల్సింది. రేపు మధ్యాహ్నం లాగ్‌బుక్కులు తీసేసుకుంటారు.

పొద్దున పక్కనున్న తల్లుల వార్డులో ఏడో మంచం దగ్గరికి బిడ్డ కోసం వెళ్లాను. తల్లి గోడకి ఆనుకుని ముడుచుకుని ఉంది. రెండు రోజులుగా బిడ్డని ఎత్తుకోలేదట. పాలివ్వాలన్నా వాళ్లక్క తెచ్చి ఒళ్లో పెట్టాలట. "ఒట్టి సుకుమారి" అంటోంది అక్క. అక్క బయటికి వెళ్లగానే ఆ తల్లి నా మణికట్టు పట్టుకుంది.

"సిస్టర్, మంచివాళ్లకి పాడు ఆలోచనలొస్తాయా?"

"నాకు వస్తాయి" అన్నాను.

"మీకా?"

"నాకే. ఆ టబ్బు దగ్గరే. డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. దీనికి పేరుంది, వైద్యం ఉంది."

అప్పుడు చెప్పింది, చెవిలో. ఏం చెప్పిందో నీకు రాయను, అవి ఆమెవి. చెప్పి, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుని, "నేను ఏమీ చేయనుగా? ఒక్క మాట చెప్పండి, చాలు" అంది.

ఆ ప్రశ్న ఇంకొకరి నోట వినడం నాకదే మొదటిసారి. 'చేయరు' అన్న మాట నా నాలుక చివరే ఉంది. ఆ కళ్లు చూస్తూ దాన్ని మింగడం నేను చేయించిన తొమ్మిది స్నానాలకంటే కష్టమైంది. నువ్వు అక్టోబర్లో ఏం మింగావో ఇవాళ తెలిసింది.

"ఆ మాట నేను చెప్పనండీ. చెప్తే సాయంత్రానికి మళ్లీ కావాలి. రండి, ఇద్దరం కలిసి నీళ్లు పోద్దాం."

మూడుసార్లు వద్దంది. నాలుగోసారి లేచింది. బిడ్డ మెడ కింద ఆమె ముంజేయి పెట్టించాను, దాని కింద నా చెయ్యి పెట్టాను. ఆమె 'నావల్ల కాదు' అంటూనే ఉంది. నా తలలోనూ అది అరుస్తూనే ఉంది. రెండు తలలు, రెండు అరుపులు, మధ్యలో ఒక్క బిడ్డ, అదీ అరుస్తోంది. నేను నీళ్లు పోస్తున్నాను, ఆమె పట్టుకుంది. సగం స్నానం అయ్యేసరికి, "సిస్టర్, చెవిలోకి పోతున్నాయి, కాస్త చూసి పోయండి" అని నన్ను కసిరింది. తర్వాత చెంబు కూడా నా చేతిలోంచి లాక్కుంది. నేను ఉత్త తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

ఆమె ఒప్పుకున్నాక డాక్టరమ్మకి కబురు పెట్టాను. వచ్చి గంటసేపు ఆమె పక్కనే కూర్చుంది.

ఇన్‌చార్జి మేడం దూరం నుంచి అంతా చూసింది. లాగ్‌బుక్ తెరిచి, పెన్ను మూత పెట్టేసింది. "స్నానం చేయించింది తల్లి. ఇది నీ పేరున రాయడం కుదరదు."

"తెలుసు మేడం."

"తెలిసే చేశావా?"

"మళ్లీ చేయమన్నా చేస్తాను."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "రేపు పొద్దున ఒక్క బిడ్డే ఉంది. బరువు తక్కువ. స్నానానికి ఇవాళే అనుమతి ఇచ్చారు. పిట్టంత ఉంది, చేతిలో నిలవదు. పక్కన ఎవరూ ఉండరు. చేయగలవా?"

ఆలోచన నాకంటే ముందే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. బొమ్మలతో సహా చూపించింది.

"తెలియదు మేడం" అన్నాను. "నీళ్లు ఎన్ని గంటలకి పెట్టమంటారు?"